అద్దాల మేడా, అద్దం తుడిచే చెయ్యీ

అన్నోజిగూడలో మేము అప్పుడప్పుడూ జరుపుకునే కవితాగోష్ఠి ఒకటుంది. పెద్ద సభ కాదు. పదిహేను ఇరవై మందిమి ఒక ఇంటి డాబా మీద కూర్చుంటాం. వరంగల్ రోడ్డు మీద పోయే లారీల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ మధ్య జరిగిన గోష్ఠిలో చదివిన తొమ్మిది కవితల్లో ఆరింటిలో అద్దాల మేడ ఉంది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. డాబా మీద నుంచి పోచారం వైపు చూస్తే కనిపించేవి ఆ భవనాలే. ఆ ఆరు కవితల్లోనూ అద్దాల మేడ ఒకే పని చేసింది. అది పొలాన్ని మింగింది, చెరువును తాగింది, మనిషిని యంత్రం చేసింది. చివరి పాదంలో ఎవరో ఒకరు దాని మీద రాయి విసిరారు.

సమీక్ష బాధ్యత నాది. ఆరు కవితలకూ వర్గ దృక్పథం ఉందని మెచ్చుకున్నాను. ఏడో కవిత ఒక అమ్మాయిది. తెల్లవారుజామున బస్టాపులో నిలబడ్డ ఆడవాళ్ళ గురించీ, వాళ్ళ చేతిసంచుల గురించీ, సంచిలో ఉన్న రెండో జత చెప్పుల గురించీ ఆ కవిత. అందులో అద్దాల మేడ అన్న మాటే లేదు. "వర్ణన బాగుంది, కాని దృక్పథం తేలలేదు" అన్నాను. సభ ముగిసింది.

మెట్లు దిగుతుంటే ఒకతను నా పక్కకొచ్చాడు. ఎవరితోనో పాటు వచ్చి వెనక కూర్చున్న మనిషి. భవనాల బయటి అద్దాలు తాడు మీద వేలాడుతూ తుడవడం అతని పని. "సార్, అందరు అద్దాన్ని తిట్టిన్రు. తుడిసెటోని ముచ్చట ఒక్కలు తియ్యలే. అద్దం ఏం పాపం జేసింది? అద్దముంటె ఎలుగొస్తది. మా ఇంట్ల పట్టపగలు లైటెయ్యాలె" అన్నాడు.

ఈ వ్యాసం అతనికి నేను వెంటనే ఇవ్వలేకపోయిన జవాబు. అంతేకాదు, ఒక విమర్శకుడిగా నా ఆత్మవిమర్శ కూడా.

ఒక వస్తువు ప్రతీక అయ్యే క్రమంలో దాని వస్తుత్వాన్ని పోగొట్టుకోవడం మన కవిత్వంలో తరచు జరుగుతున్నది. ప్రతీక ఎంత తేలికగా దొరికితే అంత త్వరగా అరిగిపోతుంది. అద్దాల మేడ విషయంలో ఈ అరుగుదలను అర్థం చేసుకోవాలంటే, ఆధునిక ప్రపంచంలో ఆ ప్రతీక పుట్టిన చోటికి వెళ్ళాలి. ఆ చోటు 1851 నాటి లండన్. హైడ్ పార్కులో ఇనుముతో, గాజుతో కట్టిన ఆ ప్రదర్శనశాల పేరు క్రిస్టల్ ప్యాలెస్. ఆ కథలో తెలుగువాళ్ళ వాటా కూడా ఉంది.

ముందు దాని నిర్మాణం చూద్దాం. సకల దేశాల పారిశ్రామిక ప్రదర్శన కోసం భవనం నమూనాలు కోరితే రెండు వందలకు పైగా వచ్చాయి. ఒక్కటీ పనికి రాలేదు. చివరికి ఎన్నికైనది ఒక తోటమాలి ఆలోచన. జోసెఫ్ పాక్స్టన్ ఒక డ్యూకు గారి తోటలు చూసేవాడు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన రాక్షస కలువను చాట్స్‌వర్త్ తోటలో పూయించి, దాని కోసం గాజు ఇల్లు కట్టిన అనుభవం అతనిది. ఒక చిన్నపిల్లను మోయగలిగిన ఆ ఆకు అడుగున ఈనెల అల్లిక చూసి, తక్కువ పదార్థంతో ఎక్కువ బరువు ఎలా నిలుస్తుందో గ్రహించాడు. ఒక రైల్వే కంపెనీ సమావేశంలో కూర్చుని బ్లాటింగ్ కాగితం మీద మొదటి బొమ్మ గీశాడు. 1850 జూలై చివర స్థలం చేతికొచ్చింది. 1851 మే 1న విక్టోరియా రాణి ప్రారంభించింది. పొడవు 1,848 అడుగులు, వెడల్పు 408 అడుగులు. సుమారు మూడు లక్షల గాజు పలకలు పట్టాయి.

ఇంత త్వరగా ఎలా కట్టగలిగారు? స్తంభాలూ దూలాలూ కొలత ప్రకారం ఫౌండ్రీల్లో పోతపోసుకుని వచ్చాయి. హైడ్ పార్కులో చేసింది వాటిని బిగించడమే. రాయి మీద రాయి పేర్చే పాత పద్ధతి స్థానంలో, ఒకేలాంటి భాగాలను వేల సంఖ్యలో తయారుచేసి కూర్చే కొత్త పద్ధతి వచ్చింది. ఉత్పత్తి శక్తుల వికాసంలో ఇదొక మలుపు అనడంలో సందేహం లేదు. ఈనాడు మన చుట్టూ లేస్తున్న ప్రతి ఉక్కు చట్రపు భవనం ఆ వంశానిదే.

అద్దం సంగతి మరీ ముఖ్యమైనది. ఇంగ్లండులో 1696 నుంచి కిటికీల మీద పన్ను ఉండేది. ఇంటికెన్ని కిటికీలుంటే అంత పన్ను. యజమానులు పన్ను తప్పించుకోవడానికి కిటికీలు ఇటుకలతో మూయించేవారు. అద్దెకున్న పేదలు చీకట్లో, గాలి లేని గదుల్లో బతికేవారు. గాజు తయారీ మీద వేరే సుంకం ఉండేది. ఆ సుంకాన్ని 1845లో ఎత్తేశారు. కిటికీ పన్నును ప్రదర్శన జరిగిన 1851లోనే రద్దుచేశారు. అంటే ఆ దేశంలో వెలుతురు మీద పన్ను పోయిన ఏడాదే ఆ గాజు భవనం లేచి నిలబడింది. "అద్దముంటె ఎలుగొస్తది" అన్న మాటలో ఎంత చరిత్ర ఉందో నాకు ఇక్కడ అర్థమైంది. వెలుతురు ఎవరికి, చీకటి ఎవరికి అన్నది మొదటి నుంచీ వర్గ సమస్యే. అద్దాన్ని తిట్టే కవి ఈ సమస్యను తాకకుండానే పక్కనుంచి వెళ్ళిపోతున్నాడు.

ఆ గాజు ఎలా తయారైంది? బర్మింగ్‌హాం దగ్గర చాన్స్ సోదరుల కర్మాగారంలో కార్మికుడు కరిగిన గాజును గొట్టం చివర పట్టి, ఊపిరితో ఊది, పొడవాటి స్తూపంలా సాగదీసేవాడు. దాన్ని నిలువునా కోసి, వేడి చేసి, పలకగా పరిచేవారు. పలక 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. మూడు లక్షల పలకల్లో ప్రతి ఒక్కటీ ఒక మనిషి ఊపిరి. ప్రదర్శన చూడడానికి వచ్చిన జనం సంఖ్య అరవై లక్షలు దాటింది. ఒక షిల్లింగు రోజుల్లో కార్మికులు కూడా కుటుంబాలతో వచ్చారు. తాము చేసిన వస్తువులను తాము డబ్బిచ్చి చూశారు. లోపల సరుకుల మీద ధరలు రాయకూడదని నిబంధన. ధర కనిపించదు, చేసినవాడు కనిపించడు. వస్తువు ఒక్కటే దేవుడిలా వెలుగులో నిలబడుతుంది. అప్పటికే లండన్‌లో ప్రవాసం గడుపుతున్న మార్క్స్, ఏంగెల్స్‌తో కలిసి 1850లోనే ఈ ప్రదర్శన గురించి రాశాడు. బూర్జువా వర్గం తాను సృష్టించిన దేవుళ్ళకు తానే గుడి కడుతున్నదని వాళ్ళు చూడగలిగారు. అదే సమయంలో ఆ గుడిలో పోగుపడిన ఉత్పత్తి శక్తులు ఒక కొత్త సమాజానికి సరంజామా అని కూడా చూశారు. ఈ రెండో చూపు మన కవితల్లో లోపించింది.

ప్రదర్శన ముగిశాక భవనాన్ని విప్పి సిడెన్‌హాం గుట్ట మీద మరింత పెద్దదిగా కట్టారు. ఆ పనిలో 1853 ఆగస్టు 15న పరంజా కూలి పన్నెండు మంది కార్మికులు చనిపోయారు. పాక్స్టన్‌కు సర్ బిరుదు వచ్చింది. ఈ పన్నెండు మందికి దక్కింది అక్కడి చర్చి ఆవరణలో సమాధి. కట్టించినవాడి పేరు మాత్రమే చెప్పే చరిత్రను శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో ప్రశ్నించాడు. ఆ ప్రశ్న తాజమహల్‌తో ఆగిపోదు.

ఇక మన వాటా. ఆ మేడలో జనం గుంపులు కట్టి చూసిన వస్తువు కోహినూరు. అది కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిదని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. పదిహేడో శతాబ్దంలో కొల్లూరు చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే, అక్కడ ఆడా మగా పిల్లలూ కలిసి అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ అరవై వేల మందిలో ఒక్క పేరు కూడా మనకు మిగలలేదు. రాయి పేరు మాత్రం ప్రపంచమంతా తెలుసు. ఎన్నో చేతులు మారి, 1849లో పదేళ్ళ బాలుడైన దులీప్ సింగ్ చేత లాహోర్ ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని కంపెనీ దాన్ని తీసుకుంది. 1850లో రాణికి సమర్పించింది. 1851లో బంగారుపూత పంజరంలో పెట్టి చూపించారు. తీరా చూస్తే అది మెరవలేదు. జనం పెదవి విరిచారు. చుట్టూ గ్యాసు దీపాలు పెట్టారు, లాభం లేకపోయింది. 1852లో ఆమ్‌స్టర్‌డాం నుంచి పనివాళ్ళను రప్పించి సాన పట్టించారు. 186 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు తగ్గింది. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది.

ఇదే కృష్ణ ఒడ్డున, ప్రదర్శనకు పద్దెనిమిదేళ్ళ ముందు, కంపెనీ పాలనలో గుంటూరు సీమ నందన కరువులో ఎండిపోయింది. ఆ మేడలోకి వెళ్ళినవి వజ్రాలు మాత్రమే కాదు. వరంగల్ తివాచీలూ వెళ్ళాయి. ఆ భవనం లోపలి ఇనుముకు రంగులు నిర్ణయించిన ఓవెన్ జోన్స్, భారతీయ పనితనం ముందు యూరపు యంత్రాల సరుకు అందం తక్కువైందని నిజాయితీగా ఒప్పుకున్నాడు. 1856లో అచ్చువేసిన తన అలంకార శాస్త్ర గ్రంథంలో ఆ అల్లికలకు చోటిచ్చాడు. అయితే ఆ మెప్పు నేతగాడి కంచంలోకి రాలేదు. పదిహేనేళ్ళు తిరిగేసరికి, 1866లో, ఫోర్బ్స్ వాట్సన్ ఈ దేశపు నేతల్లోంచి 700 గుడ్డముక్కలు కత్తిరించి 18 సంపుటాలుగా కుట్టించి ఇంగ్లండు మిల్లు పట్టణాలకు పంపాడు. భారతీయులు ఏ రకం బట్ట కడతారో చూసి అలాంటిదే మరమగ్గం మీద నేయడానికి. ఒకచోట సౌందర్య ప్రశంస, ఇంకొకచోట నకలు తీయడానికి నమూనా. రెండూ ఒకే వ్యవస్థకు రెండు చేతులు. సామ్రాజ్యవాదం మన కళను మెచ్చుకోలేదని ఫిర్యాదు చేసేవాళ్ళు ఈ విషయం గుర్తుంచుకోవాలి. మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే మగ్గాన్ని కూల్చింది.

ఈ అద్దాల మేడ సాహిత్యంలోకి ఎలా వచ్చిందో చూద్దాం. రష్యన్ రచయిత చెర్నిషేవ్‌స్కీ జైలులో ఉండి రాసిన 'ఏం చేయాలి?' నవల 1863లో వెలువడింది. అందులో వేరా పావ్లోవ్నా నాలుగో కలలో భవిష్యత్ సమాజం ఇనుమూ గాజుతో కట్టిన ఒక మహాభవనంలో కనిపిస్తుంది. సిడెన్‌హాం గుట్ట మీది మేడ దానికి సూచన మాత్రమేనని రచయితే చెబుతాడు. పెట్టుబడి తన సరుకుల కోసం కట్టుకున్న భవనాన్ని అతను మనుషులు కలిసి తిని, కలిసి పాడే ఇల్లుగా మార్చాడు. ఆ తర్వాతి ఏడు, 1864లో, దోస్తోయెవ్‌స్కీ 'అజ్ఞాతవాసి' కథకుడి నోట ఆ మేడను ఎగతాళి చేయించాడు. సర్వం లెక్కతో సరిపోయిన ఆ భవనం ముందు నాలుక చాపి వెక్కిరించే హక్కయినా మనిషికి ఉంటుందా అన్నది అతని సందేహం. అతను 1862లో లండన్ వచ్చి అక్కడి సంపదనూ, దాని పక్కనే ఉన్న దారిద్ర్యాన్నీ కళ్ళారా చూసినవాడే.

నా తరం ఈ వాదాన్ని ఎలా చదువుకుంది? చెర్నిషేవ్‌స్కీ మనవాడు, దోస్తోయెవ్‌స్కీ అభివృద్ధి నిరోధకుడు. అంతే. ఇది యాంత్రికమైన అన్వయమని ఇప్పుడు అనిపిస్తున్నది. మొదటివాడు పనిముట్టును దాని యజమాని చేతిలోంచి విడదీసి చూశాడు. అది గొప్ప శక్తి. రెండోవాడు, ఎవరో గీసిన పటంలో మనిషి ఒక కొలత అయిపోతాడేమోనని భయపడ్డాడు. ఆ భయం నుంచి అతను చేరుకున్న తీర్మానాలను మనం ఒప్పుకోనక్కరలేదు, కాని ఆ భయాన్ని కొట్టిపారేసిన అభ్యుదయవాదం అనుభవంలో ఎంత నష్టపోయిందో మనకు తెలుసు. విచిత్రమేమంటే, మన ఆరు కవితలూ పేరుకు చెర్నిషేవ్‌స్కీ వారసత్వం చెప్పుకుంటాయి, మాట్లాడేది మాత్రం అజ్ఞాతవాసి భాష. అదీ అతని వేదన లేకుండా.

ప్రదర్శన అనే రూపానికి ఒకే ఒక సారం ఉంటుందనుకోవడం కూడా పొరపాటు. హైదరాబాదులో 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన నుమాయిష్ అసలు పేరులోనే ముల్కీ ఉత్పత్తుల ప్రదర్శన అని ఉంది. నిజాం ప్రారంభించినా, ఆలోచన చదువుకున్న యువకులది. ఈ గడ్డ మీద తయారయ్యేవి ఏమిటో లెక్క చూసుకోవాలన్న కోరిక దాని వెనక ఉంది. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. లండన్ ప్రదర్శన లాభం మ్యూజియాలకు పునాది అయితే, నుమాయిష్ ఆదాయం కళాశాలలకు ఆధారమైంది. అక్కడ గాజు మహలు లేదు. రేకులూ గుడ్డలూ కట్టెలూ. 2019 జనవరి 30 రాత్రి మంటల్లో ఎన్నో దుకాణాలు బూడిదయ్యాయి. కాశ్మీర్ శాలువాల మూటలతో వచ్చిన చిన్న వ్యాపారులు ఒక్క రాత్రిలో సర్వం పోగొట్టుకున్నారు. నుమాయిష్ అంటే మా తరానికి మిర్చీ బజ్జీలూ, రంగులరాట్నం. అయినా దాని మీద ఒక విమర్శ వ్యాసం రాయాలని నాకెప్పుడూ తోచలేదు. లండన్ మేడ గురించి నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణి, నాంపల్లి మైదానాన్ని సాహిత్య వస్తువుగా చూడలేకపోయాను. ఈ వలస మనస్తత్వం కవుల్లో కంటే విమర్శకుల్లోనే ఎక్కువ.

తిరిగి పోచారం వైపు చూద్దాం. హైడ్ పార్కు గాజు పారదర్శకం. మబ్బు దేశంలో దొరికిన కాస్త వెలుతురునూ లోపలికి రానిచ్చేది. ఆ ఎండకే లోపల వేడెక్కుతుందని పైకప్పు మీద గుడ్డ పరిచారు, గాలి కోసం రెక్కల కిటికీలు పెట్టారు. మన ఎండ దక్కను ఎండ. ఇక్కడి అద్దానికి పూత పూస్తారు. ఎండను తిప్పికొడుతుంది, చూసేవాడి చూపునూ తిప్పికొడుతుంది. కిటికీలు తెరుచుకోవు. లోపల చల్లదనం యంత్రాలది, పగలే కరెంటు దీపాలు. వెలుతురు కోసం పుట్టిన వస్తువు వెలుతురును తిరస్కరించే హోదా చిహ్నమైంది. ఇదీ అసలు వైరుధ్యం. ఇది కవితకు వస్తువు కాదా? ఆ అద్దాన్ని బయట నుంచి తుడిచేవాడికి అందులో కనిపించేది లోపలి మనిషి కాదు, తాడుకు వేలాడుతున్న తన బొమ్మ. లోపలివాడి ఇంట్లో దీపం వెలిగేది అప్పుల మీద, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని భయం మీద. ఇద్దరూ శ్రమ అమ్ముకునేవాళ్ళే. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక పలక మందం. రాయి విసిరితే ముందు గాజుముక్కలు పడేది ఎవరి మీద? మన కవులు ఆలోచించలేదు. మెచ్చుకున్న నేనూ ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ ఏడో కవిత. దృక్పథం తేలలేదన్నాను. రెండో జత చెప్పులు ఎందుకని అడగలేదు. తర్వాత తెలుసుకున్నాను. నేల తుడిచే పనికి ఒక జత, దారికి ఒక జత. దారి చెప్పులతో తుడిచిన నేల మీద నడవకూడదు. ఆ ఒక్క వివరంలో మేడ ఉంది, యజమాని ఉన్నాడు, బస్సు చార్జీ ఉంది, ఒళ్ళునొప్పులున్నాయి. 'అద్దాల మేడ' అన్న మాట కనిపించలేదు కనుక నాకు మేడ కనిపించలేదు. కోహినూరు తాము కోరిన విధంగా మెరవలేదని సాన పట్టి సగానికి దగ్గరగా తరిగేసినవాళ్ళకూ, నేను కోరిన మాటలు పలకలేదని ఆ కవితను తక్కువ చేసిన నాకూ తేడా ఏముంది? ఆ అమ్మాయి తర్వాతి గోష్ఠికి రాలేదు. ఇది నేను చేసిన నష్టం. ఈ పత్రిక ద్వారా ఒప్పుకుంటున్నాను.

క్రిస్టల్ ప్యాలెస్ 1936 నవంబరు 30 రాత్రి తగలబడిపోయింది. ఇప్పుడు సిడెన్‌హాం గుట్ట మీద మెట్లూ పునాదులూ మిగిలాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన మన తెలుగు సంఘం ఏర్పడింది. ఈ రెండు ఘటనల మధ్య కార్యకారణ సంబంధం ఏదీ లేదు, ఉందని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం నాకిష్టం లేదు. మేడలు కాలిపోతే వ్యవస్థ కాలిపోదని మాత్రం ఆ మెట్లు చెబుతాయి. రాయి విసిరే కవితకు ఇంతకంటే మంచి జవాబు అక్కరలేదు.

అద్దాల మేడ గురించి రాయవద్దని నేను కవులకు చెప్పడం లేదు. రాయండి. ఆ గాజు ఎక్కడ తయారైందో, ఎవరు బిగించారో, ఎవరు తుడుస్తున్నారో, తాడు తెగితే ఎవరిది బాధ్యతో కనుక్కుని రాయండి. విమర్శకులు కూడా పదం కోసం కాక పని కోసం వెతకాలి. ఆ తాడు మీది మనిషిని మళ్ళీ రమ్మన్నాను. పని దినం కాకపోతే వస్తానన్నాడు. ఆ ఏడో కవితను, రాసినామె ఒప్పుకుంటే, ఆ రోజు మొట్టమొదట చదివించాలని ఉంది. అతని ఇల్లు చూశాను. రెండు గోడల మధ్య ఇరుక్కున్న గది, కిటికీ ఒక్కటే, అదీ పక్కింటి గోడ వైపు. మధ్యాహ్నం పన్నెండింటికి అతని కూతురు లైటు వేసుకుని లెక్కలు చేసుకుంటున్నది.